సుగ్గికాలమున సంఘసేవ

సంవత్సరారంభమున ప్రతి క్రైస్తవసంఘమును రాబోవు కార్యక్రమముల పట్టిక నొకదానిని వ్రాసికొనుట వాడుక. ఆదివారపు ఆరాధన, సండేస్కూలు, స్త్రీల సమాజకూటము, ఉపవాసప్రార్థన, మంచి శుక్రవారము, పునరుత్థానపండుగ, వేసవి బైబిలు బడి, కోతపండుగ, క్రిస్మసు - ఇవన్నియు తేదీలతో గూడ మందిరపు గోడమీద వ్రేలాడుచుండును. చూచుటకు పట్టిక నిండుగనే యుండును. కాని దానిని వ్రాయునప్పుడు పెద్దలు వేసికొనవలసిన ప్రశ్న యొకటి గలదు. ఆ దినములలో ఆ కార్యములకు రావలసినవా రూరిలో నుందురా?

తక్కినచోట్ల ఈ ప్రశ్న వింతగా తోచవచ్చును. కర్నూలు జిల్లా కోడుమూరు ప్రాంతమున నిది వింత గాదు. హంద్రీనది యొడ్డున నున్న ఈ సీమలో నేల నల్లదైనను ఎఱ్ఱదైనను, పంట యాకాశమును నమ్ముకొన్నదే. హంద్రి కర్నూలువద్ద తుంగభద్రలో గలియునుగాని, వేసవి వచ్చుసరికి దాని గర్భమంతయు నిసుకయే. తొలకరికి పత్తియో, వేరుసెనగయో, ఆముదమో విత్తుదురు. వాన సమయమునకు వచ్చెనా, ఇంత గింజయు నింత రూకయు చేతబడును. రాకపోయెనా, పుష్యమాసము వచ్చునప్పటికి చేలలో పనియు నుండదు, ఇంట గింజయు నుండదు. అప్పుడు పేదకుటుంబములవారు మూటలు కట్టుకొని మేస్త్రీవెంట గుంటూరు సీమకు మిరపకోతలకు బోవుదురు. పత్తి తీయుటకై అంతకుముందే తరలువారును గలరు. దీనికే యిక్కడివారు "సుగ్గికి పోవుట" యందురు. మరల వచ్చుట సామాన్యముగా ఉగాది నాటికి.

కన్నడమున సుగ్గియనగా పంటకాలము, కోతల సంబరము. ఆ మాటయే మనసీమలోనికి వచ్చునప్పటికి తలుపునకు తాళమువేసి పరదేశము పోవుటకు పేరయ్యెను. ఈ యొక్క మాటయే యిక్కడి స్త్రీల బ్రతుకంతయు జెప్పుచున్నది. సుగ్గికి బోయిన తల్లి చంటిబిడ్డను చెట్టునీడ నుయ్యెలవేసి, తెల్లవారినది మొదలు ప్రొద్దుగూకువఱకు మిరపకాయ కోయును. ఆ ఘాటు కన్నుల నుండి, చేతుల నుండి రాత్రికిగూడ దిగదు. ఇంటికడ ముసలి యవ్వ మనుమలను గాచుకొని కూర్చుండును. బడికి బోవు పిల్ల తల్లివెంట బోయెనా చదువు పోయెను. ఇంట నిలిచెనా తమ్ముల భారము దాని నెత్తిన బడెను. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో కర్నూలు జిల్లా స్త్రీలలో చదువ నేర్చినవారు సగముమంది మాత్రమే యనుటకు గల కారణములలో నిదియు నొకటి.

ఇట్టి సీమలో బాప్తిస్టు సంఘమువారి కార్యక్రమము లెట్లుండవలెనో యాలోచించుటయే యీ వ్యాసమున మా యుద్దేశము. బాప్తిస్టులనగా నెవరో యెఱుగని సోదరీమణులకై రెండుమాటలు చెప్పవలెను. వీరు పసిబిడ్డలకు బాప్తిస్మ మీయరు. తెలివి వచ్చి, తన విశ్వాసమును తననోట నొప్పుకొన్నవారిని నీటముంచి బాప్తిస్మ మిత్తురు. వీరి సంఘము పైనుండి వచ్చు నాజ్ఞతో నడచునది గాదు. సభ్యులందఱును గూడి నిర్ణయించుకొన్న దానినిబట్టి నడచునది. స్త్రీయైనను పురుషుడైనను సభ్యుని మాట యొక్కటే మాటగా లెక్కకు వచ్చును. కావున కార్యక్రమముల పట్టిక బాగుగ లేనిచో ఆ తప్పు సంఘకాపరిదని చెప్పి స్త్రీలు తప్పుకొనుటకు వీలు లేదు. ఆ పట్టికలో వారికిని చేయి గలదు.

తెలుగుదేశమున నీ సంఘముల చరిత్రయంతట స్త్రీల చేయి కనబడుచునే యున్నది. అమెరికను బాప్తిస్టుల మిషను 1840వ సంవత్సరమున నెల్లూరు చేరినది. చాలకాలము ఫలము గనబడకపోవుటచే దానిని మూసివేయుదమా యని స్వదేశమున నాలోచనలు సాగినవి. అట్టి దినములలో 1854వ సంవత్సరము జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఒంగోలులో నొక కొండపైకెక్కి యైదుగురు ప్రార్థన చేసిరి. వారు జూయెట్ దొర, ఆయన భార్య, నర్సు అను తెలుగు క్రైస్తవుడు, జూలియ, రూతు అను నిద్దఱు తెలుగు స్త్రీలు. ఐదుగురిలో మువ్వురు స్త్రీలే. ఆ కొండను నేటికిని ప్రార్థనకొండ యనియే పిలుచుచున్నారు. అటుపిమ్మట 1866లో తాళ్ళకొండపాడు వాస్తవ్యుడగు ఎఱ్ఱగుంట్ల పేరయ్య బాప్తిస్మము పొందినప్పుడు ఆయన భార్య నాగమ్మయు నాయనతో గూడ పొందెను. తోళ్ళపని చేయు నా కుటుంబమువారి నుండియే వేలకొలది మాదిగలలోనికి ఈ మతము ప్రాకినది. పిమ్మట ఇంటింటికి దిరిగి స్త్రీలకు చదువును, శుభ్రతను, వాక్యమును నేర్పిన బైబిలు స్త్రీలు లేనిచో పల్లెల సంఘములు నిలిచియుండెడివే గావు.

ఇక కరవుమాట. 1876వ సంవత్సరమున మొదలై 1878 వఱకు దక్షిణదేశమును దహించిన మహాక్షామమున కర్నూలు జిల్లా పడినంత బాధ మఱి యే జిల్లాయు పడలేదనిన నతిశయోక్తి గాదు. 1871 నాటి జనాభాకును 1881 నాటి జనాభాకును జూడగా జిల్లాలో దాదాపు నాల్గవవంతు జనము తగ్గిపోయినది. కర్నూలున బాప్తిస్టుల మిషను నెలకొన్నదియు ఆ కరవు కాలముననే. నేడు పట్టణమున పేరొందిన కోల్స్ స్మారకోన్నత పాఠశాల ఆ మిషను నుండి పుట్టినదే.

ఆ క్షామమున ఒంగోలులోని క్లౌ దొర చేసిన పని యిప్పటికిని తలచుకొనదగినది. ఆయన తన మందిరమున గూర్చుండి యాకలిగొన్నవారిని రమ్మని పిలువలేదు. బకింగుహాము కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ళ పనిని తాను గుత్తకు దీసికొని, వేలమందికి కూలి కల్పించెను. బోధకులనే పనిపై పర్యవేక్షకులుగా నుంచెను. కూలీలు గడ్డపార దించి కూర్చుండినచోటనే బోధకులు వారిమధ్య కూర్చుండి మాటలాడిరి. అంతకంటె గొప్పసంగతి యింకొకటి గలదు. కరవుసాయము సాగుచున్నంతకాలము ఆయన యొక్కనికిని బాప్తిస్మ మీయలేదు. కూటికొఱకు మతములో జేరినారను మాట రాకూడదనియే యీ నియమము. క్షామము దీరిన పిదప 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లివద్ద నొక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఈ వృత్తాంతమున నేటి సంఘములకు రెండు పాఠములు గలవు. ఒకటి, జనమెక్కడ బనిచేయుచున్నదో సంఘ మక్కడికి బోవలెను. రెండు, చేసిన సాయమునకు ప్రతిఫల మడుగరాదు. ఈ రెంటిని మనసున నుంచుకొని సుగ్గిసీమలోని సంఘముయొక్క సంవత్సరమును దిద్దుకొన్నచో నెట్లుండునో చూతము.

సంవత్సరము జనవరితో మొదలగునని పంచాంగము చెప్పవచ్చును. ఇక్కడి సంఘమునకు మాత్రము సుగ్గికి బోవుటతో మొదలగును. ప్రయాణమునకు ముందే, పత్తితీతలు ముగియుచుండగనే, స్త్రీల సమాజమువా రొక పుస్తకము పెట్టవలెను. ఏ కుటుంబ మే యూరికి బోవుచున్నది, ఏ మేస్త్రీవెంట బోవుచున్నది, ముందుగా నెంత సొమ్ము పుచ్చుకొన్నది, ఇంట నెవరిని విడిచి పోవుచున్నది, పోయినవారిలో నెవరికి ఫోనున్నది - ఇవి వ్రాసియుంచవలెను. ఇది చిన్నపనివలె దోచును గాని, చదువురాని తల్లికి తన కూలిలెక్క తెలిసిన యక్కయొకతె యూరిలో నున్నదను ధైర్యము చిన్నది గాదు. క్రిస్మసునకు ముందే పోవువారున్నయెడల వారి నిమిత్తమొక యాదివారమున ప్రభువుబల్ల నిచ్చి సాగనంపవలెను. పండుగ తేదీకంటె మనుష్యులు ముఖ్యము.

పోవు తల్లుల చేతికి కొన్ని సంగతు లందించుట రెండవపని. చంటిబిడ్డకు టీకాలు వ్రాసిన మాతాశిశు కార్డును మూటలో బెట్టుకొన్నయెడల పోయినచోట అంగన్‌వాడీలోనో ఆరోగ్యకేంద్రములోనో తరువాతి టీకా వేయింతురు. రేషను కార్డు స్వగ్రామముననే చెల్లుననుకొనరాదు. ఇప్పుడు వేఱొక యూరి దుకాణమునందును వ్రేలిముద్రవేసి బియ్యము పుచ్చుకొను వీలున్నది. బిడ్డ తప్పిపోయినను, ఎవరైన బాధపెట్టినను 1098 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును, ప్రాణాపాయమున 108. ఈ నాలుగుమాటలు ప్రసంగమున జెప్పిన మఱచిపోవుదురు. పాటగా గట్టి నేర్పిన మఱువరు. సంఘస్త్రీలకు పాటలు కట్టుట యేమి క్రొత్త?

మూడవది, ఇంటిని గాచుచున్నవారి పని. వలసపోవువారి బిడ్డల చదువు చెడకుండుటకై ప్రభుత్వమువా రీ జిల్లాలో సీజనల్ హాస్టళ్ళు నడపించిరి. ఊరిలో అట్టి వసతియున్నదో లేదో ముందుగ బడి పంతులుగారి నడిగి తెలిసికొని, ఉన్నచో పిల్లలను జేర్పింపవలెను. లేనిచో మందిరమే సాయంకాలపు బడి కావచ్చును. ఆదివారముదప్ప తక్కిన దినములలో తాళముపడియుండు మందిరమున దీపము వెలిగించి, బల్లలు పఱచి, చదువుకొన్న యాడుపడుచు లిద్దఱు కూర్చుండిరేని ఇరువదిమంది పిల్లలు పుస్తకము వదలకుందురు. అవ్వలకు కంటిచూపు, మందులు, పింఛను మొదలగు విషయములలో నొకరు తోడు పోయిన జాలును.

నాల్గవది, పోయినవారిని జూచివచ్చుట. మార్చినెల మొదటి శుక్రవారమున లోకమందంతటను క్రైస్తవస్త్రీలు ప్రపంచ ప్రార్థనదినము జరుపుదురు. ఆ దినము మిరపకోతల నడుమ వచ్చును. సంఘకాపరియు స్త్రీల సమాజమువా రిద్దఱు ముగ్గురును ఒకమారైన కోతలయూరికి బోయి, గుడిసెలమధ్య కూర్చుండి ప్రార్థించి, ఇంటికబురులు చెప్పి, బిడ్డల క్షేమ మెఱిగించి రావచ్చును. రానుపోను కర్చున కేమందురా? మన తెలుగు సంఘములలో పిడికెడు బియ్యపు పద్ధతి యున్నదిగదా. ఎసటిలో బియ్యము పోయునప్పుడెల్ల నొక పిడికెడు తీసి వేఱుకుండలో వేయుట, నెలకొకమారు మందిరమునకు దెచ్చుట. ఆ పిడికిళ్ళనుండియే యీ ప్రయాణపుకర్చు లేవదీయవచ్చును. లెక్కమాత్రము స్త్రీలే వ్రాసి, సంఘసభలో బైటికి చదువవలెను. చదువని లెక్క యెంత నిజమైనను నమ్మకము గలిగింపదు.

ఐదవది ఉగాదినాటి స్వాగతము. తిరిగివచ్చినవారికి ముందు వలయునది నీరు, విశ్రాంతి, వైద్యపరీక్ష. ఆ తరువాత కూటము. మే నెలలో వేసవి బైబిలు బడి నడపునప్పుడు సుగ్గికి బోయి పాఠములు తప్పిన పిల్లలకు వేఱుగ నొక గంట లెక్కలు, తెలుగు చెప్పినయెడల జూన్‌లో వారు తోటివారిముందు తలదించుకొనకుండ బడిలో గూర్చుందురు.

దీనికి పెద్దలు కొంద ఱాక్షేపణ చెప్పవచ్చును. "సంఘము ఆరాధనకొఱకుగాని కూలిలెక్కలకొఱకా? కుటుంబములు పోయిన నెలలలో కానుకలే తగ్గిపోవుచుండగా క్రొత్తకర్చు లెక్కడివి?" అని వారందురు. కానుకలు తగ్గుట నిజమే. అయితే ఆ మాటలోనే జవాబున్నది. నిండినప్పుడు సంఘమును నిలబెట్టిన చేతులవే. అవి యిప్పుడు మిరపచేలలో మండుచున్నవి. వాని క్షేమము విచారించుట ఆరాధనకు వెలియెట్లగును? కాలువగట్టుమీద కూర్చుండిన బోధకుడు తన పనిని విడిచిపెట్టినాడని యెవరును జెప్పలేదు.

ఇంకొక జాగ్రత్త. సుగ్గికి బోవునప్పుడు మేస్త్రీ కులమడుగడు, మతమడుగడు. లారీలో ప్రక్కప్రక్కన గూర్చుండి పోవువారిలో బోయలు, కురుబలు, మాదిగలు, మాలలు, ముసల్మానులు అందఱు నుందురు. సాయంకాలపు బడికి గాని, పుస్తకములో పేరు వ్రాయుటకు గాని సంఘసభ్యులనియు గానివారనియు భేద ముంచరాదు. బడికివచ్చిన బిడ్డను గుడికి రమ్మని బలవంతపెట్టరాదు. ఈ నియమము మీఱినచో మంచిపనియే యనుమానమునకు తావగును. పాటించినచో పొరుగింటి తల్లియు మందిరపు తలుపు నిర్భయముగ తట్టును.

సోదరీమణులారా, మీరు క్రైస్తవులు గాకపోవచ్చును. మీ యూర సుగ్గియను మాటయే వినబడకపోవచ్చును. కాని మీ వీధిలోను మూడునెలలు తాళముపడు తలుపు, అవ్వయొడిలో నిలిచిపోయిన బిడ్డ యుండకపోరు. మీ భజనసమాజమో, మహిళామండలియో, పొదుపుసంఘమో రాబోవు సంవత్సరపు పట్టిక వ్రాసికొనునప్పుడు ముందుగ రాలేనివారి పేర్లు వ్రాసికొని, ఆ తరువాత తేదీలు వేయుడు. కోడుమూరు సీమలో నీ పని నాలుగిండ్లతో మొదలైనను చాలును. వచ్చు కార్తీకమున పుస్తకము తెఱచి మొదటిపేరు వ్రాయు నక్క యొకతె లేచినచో, పుష్యమున మూటకట్టు తల్లి తన బిడ్డ నెవరికప్పగించి పోవలెనోయని కుంద నక్కఱయుండదు.