టికెట్ ప్రయాణికుడు ఒక్కడూ ఎక్కని విలాస నౌక

టైటానిక్ గురించి వినని వాళ్లుండరు. దాని చెల్లెలు బ్రిటానిక్ కథ మాత్రం చాలామందికి తెలియదు. కోటీశ్వరులను అట్లాంటిక్ దాటించడానికి కట్టిన ఆ ఓడ, తీరా గాయపడిన సైనికులను మోసింది. ఏడాది తిరక్కుండానే సముద్రం పాలైంది.

● ఒలింపిక్, టైటానిక్, బ్రిటానిక్... ఈ మూడూ వైట్ స్టార్ లైన్ కోసం బెల్‌ఫాస్ట్‌లోని హార్లాండ్ అండ్ వూల్ఫ్ కట్టిన ఓడలే. మూడింట్లో భారీది బ్రిటానిక్. పొడవు 269 మీటర్లు, స్థూల టన్నేజీ 48 వేల పైమాటే.

● 1912 ఏప్రిల్‌లో టైటానిక్ మునిగేనాటికి బ్రిటానిక్ ఇంకా నౌకాశాలలోనే ఉంది. వెంటనే నమూనా మార్చారు. ఇంజన్లు, బాయిలర్లు ఉండేచోట పక్కలకు రెండో పొర వేశారు. లోపలి అడ్డుగోడల ఎత్తు పెంచారు. లైఫ్‌బోట్లు దించడానికి పెద్దపెద్ద క్రేన్లు బిగించారు.

● 1914 ఫిబ్రవరి 26న జలప్రవేశం జరిగింది. కొన్ని నెలలకే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. 1915లో బ్రిటన్ ప్రభుత్వం ఓడను ఆస్పత్రి కోసం తీసుకుంది. మొదటి తరగతి భోజనశాల ఉన్నచోట ఆపరేషన్ థియేటర్, వార్డులు వెలిశాయి. మొత్తం 3,309 పడకలు!

● ఒళ్లంతా తెలుపు, నడుముకు ఆకుపచ్చ పట్టీ, పక్కన ఎర్ర సిలువలు. ఆస్పత్రి నౌకలపై దాడి చేయకూడదన్నది హేగ్ ఒప్పందం. ఆ గుర్తులు చూసి శత్రువు వదిలేయాలి. కానీ నీళ్లలో వదిలిన మైన్‌కు గుర్తులతో పనేముంది?

● 1916 నవంబర్ 21 ఉదయం 8.12. గ్రీసులోని కియా దీవి దగ్గర, జర్మన్ జలాంతర్గామి యు-73 అమర్చిన మైన్ పేలింది. వార్డుల్లోకి గాలి రావాలని నర్సులు గుండ్రటి కిటికీలు తెరిచి ఉంచారు. ఓడ ఒరిగేసరికి వాటిగుండా నీరు లోపలికి దూకింది. టైటానిక్ మునగడానికి 2 గంటల 40 నిమిషాలు పడితే, అంతకన్నా గట్టిగా కట్టిన బ్రిటానిక్ 55 నిమిషాల్లోనే మునిగిపోయింది.

● అయినా ఓడలో ఉన్న వెయ్యికి పైగా జనంలో చనిపోయింది 30 మందే. పట్టపగలు కావడం, నీళ్లు గడ్డకట్టేంత చల్లగా లేకపోవడం, పడవలు సరిపడా ఉండడం కలిసొచ్చాయి. అన్నిటికన్నా పెద్ద అదృష్టం... క్షతగాత్రులను ఎక్కించుకోవడానికి వెళ్తున్న ఓడ కాబట్టి పడకలు ఖాళీగా ఉన్నాయి.

● ఓడను ఒడ్డుకు చేర్చాలని కెప్టెన్ చార్లెస్ బార్ట్‌లెట్ ఇంజన్లు నడిపిస్తూనే ఉన్నాడు. ఆ సంగతి పట్టించుకోకుండా, ఆజ్ఞ రాకముందే రెండు పడవలు దించేశారు. తిరుగుతున్న ప్రొపెల్లర్లు వాటిని లాక్కుని ముక్కలు చేశాయి. చనిపోయిన వారిలో ఎక్కువమంది ఆ పడవల్లోని వాళ్లే.

● వయలెట్ జెస్సప్ అనే ఓడ ఉద్యోగిని 1911లో యుద్ధనౌకను ఢీకొన్న ఒలింపిక్‌లో ఉంది. టైటానిక్‌లోనూ ఉంది. బ్రిటానిక్‌లోనూ ఉంది. ప్రొపెల్లర్ల వైపు వెళ్తున్న పడవలోంచి దూకి, తలకు దెబ్బ తగిలినా బయటపడింది. 1971 వరకు బతికింది.

● బ్రిటానిక్ కోసం జర్మనీలో తయారైన వెల్టే ఆర్గన్ అనే వాద్యం ఆ ఓడ ఎక్కనేలేదు. ఇప్పుడది స్విట్జర్లాండ్‌లోని సేవెన్ మ్యూజియంలో ఉంది. ఓడ పోయినా వాద్యం ఇంకా పలుకుతోంది.

● 1975లో సముద్ర పరిశోధకుడు జాక్ కుస్తో బృందం శిథిలాన్ని కనిపెట్టింది. అక్కడ లోతు 120 మీటర్లే, అంటే ఓడ పొడవులో సగం కూడా లేదు. అందుకే వెనక భాగం ఇంకా నీటి పైన ఉండగానే ముందు భాగం అడుగును తాకింది.

● ఈ శిథిలానికి యజమాని కూడా ఉన్నాడు! బ్రిటిష్ రచయిత సైమన్ మిల్స్ 1996లో దాన్ని కొనుక్కున్నాడు. అయితే ఓడ ఆయనదైనా నీళ్లు గ్రీసువి. సొంత ఓడను చూడటానికి దిగాలన్నా ఆ దేశం అనుమతి ఉండాల్సిందే.