పందొమ్మిదికి పందొమ్మిదీ గెలిచిన చోట

2024 జూన్ 4న ఓట్లు లెక్కపెట్టేసరికి ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని 19 అసెంబ్లీ స్థానాలూ తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమికే దక్కాయి. ఇచ్ఛాపురం మొదలుకొని శృంగవరపుకోట దాకా ప్రతిపక్షం తరఫున శాసనసభలో లేచి మాట్లాడడానికి ఒక్క ఎమ్మెల్యే మిగల్లేదు. అంతకు ఐదేళ్ళ ముందు ఇవే స్థానాల్లో 17 వైఎస్సార్ కాంగ్రెస్‌వి. విజయనగరం జిల్లాలో తొమ్మిదికి తొమ్మిదీ ఆ పార్టీవే. తెలుగుదేశానికి అప్పుడు టెక్కలి, ఇచ్ఛాపురం రెండే మిగిలాయి.

ఇలా ఊడ్చిపెట్టి గెలవడం కార్యకర్తలకు పండగే. పరిపాలన చేయాల్సిన పార్టీకి మాత్రం అది మేలు కాదని నేను నమ్ముతున్నాను. గట్టి ప్రతిపక్షం ప్రజలకు మంచిదని అంటే ఎవరూ కాదనరు. పాలక పక్షానికీ అదే మంచిదంటే చాలామంది ఒప్పుకోరు. ఎందుకు మంచిదో మన రెండు జిల్లాల సంగతులతోనే చెప్పుకుందాం.

ముందుగా ఒక లెక్క. 2019లో తెలుగుదేశానికి రాష్ట్రమంతటా నూటికి 39 ఓట్ల పైచిలుకు పడ్డాయి, వచ్చిన సీట్లు 175లో 23. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కూ నూటికి 39 పైచిలుకే పడ్డాయి, వచ్చిన సీట్లు 11. ఆ పదకొండులో ఉత్తరాంధ్రవి అరకు, పాడేరు మాత్రమే. నియోజకవర్గంలో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవారే గెలిచే పద్ధతి మనది. అందుకే సభలో చూస్తే ప్రతిపక్షం ఒక మూలన కనిపిస్తుంది, ఊళ్ళో చూస్తే పదిమందిలో నలుగురు దాని వైపున్నారు. సభనే చూసుకుంటూ కూర్చున్న పాలకులకు ఆ నలుగురూ కనిపించరు. తర్వాతి ఎన్నికలను తారుమారు చేసేది వాళ్ళే, వాళ్ళతో కలిసే మరికొందరే.

సభలో ప్రశ్న అడిగితే ఏమవుతుంది? మంత్రి జవాబు చెప్పాలి. ఆ జవాబు రాయడానికి సచివాలయం నుంచి కలెక్టరేట్‌కు, అక్కడి నుంచి మండలానికి కబురు వెళుతుంది. ఎన్ని బోర్లు వేశారు, ఎన్ని పనిచేస్తున్నాయి, డబ్బు ఎవరికి చెల్లించారు అని కింది ఉద్యోగి లెక్క తీయాల్సి వస్తుంది. మంత్రికి నిజం తెలిసేది చాలాసార్లు అప్పుడే. పాలక పార్టీ ఎమ్మెల్యే కూడా ప్రశ్న అడగవచ్చు. కానీ ఆయన ఊరికి రోడ్డు కావాలి, ఆ రోడ్డు మంజూరు చేయాల్సింది అదే మంత్రి. రేపు మళ్ళీ టికెట్టు కావాలి, అది ఇవ్వాల్సింది అదే నాయకత్వం. అలాంటి మనిషి చేదు నిజం నిండు సభలో చెబుతాడని ఆశించడం న్యాయం కాదు. ప్రతిపక్ష సభ్యుడికి ఆ మొహమాటం లేదు. పైగా ఆయనకు స్వార్థం కూడా ఉంది, ప్రభుత్వం తప్పు దొరికితేనే ఆయనకు ఓట్లు. ఆ స్వార్థమే ఆయన్ను ఊరూరా తిప్పి తప్పులు వెతికిస్తుంది. అంత శ్రద్ధగా తనిఖీ చేసే శాఖ ఏ ప్రభుత్వానికీ సొంతంగా లేదు.

ఉద్దానం కథ చూడండి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి తోటల మధ్య మూత్రపిండాల జబ్బు ఏళ్ళ తరబడి మనుషులను తీసుకుపోయింది. కారణం ఇదీ అని తేలలేదు. నీళ్ళు పరీక్షించారు, మట్టి పరీక్షించారు, బృందాలు వచ్చాయి, వెళ్ళాయి. రోగులు మాత్రం డయాలసిస్ కోసం విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి దాకా తిరుగుతూనే ఉండేవారు. 2017 జనవరిలో పవన్ కల్యాణ్ ఇచ్ఛాపురం వచ్చి ఈ సమస్యను రాష్ట్రం ముందు పెట్టారు. అప్పటికి ఆయన పార్టీకి ఒక్క ఎమ్మెల్యే కూడా లేరు. 2014లో తాను బలపరిచిన తెలుగుదేశం ప్రభుత్వాన్నే ఆయన నిలదీశారు. ఆ ఏడాదే హార్వర్డ్ వైద్యులను విశాఖకు రప్పించారు. అప్పటి ప్రతిపక్ష నాయకుడు జగన్ కూడా ఉద్దానం వచ్చి, డయాలసిస్ రోగులకు నెలకు 10,000 పింఛను ఇస్తానని మాట ఇచ్చారు. రెండు వైపుల నుంచి ఒత్తిడి రావడంతో చంద్రబాబు ప్రభుత్వం డయాలసిస్ కేంద్రాలు పెంచింది, శుద్ధి చేసిన నీటి పథకాలు పెట్టింది, 2,500 పింఛను మొదలుపెట్టింది. 2018 మే నెలలో పవన్ శ్రీకాకుళంలో నిరాహార దీక్షకు కూర్చున్నారు.

2019లో ప్రభుత్వం మారింది. జగన్ తాను ఇచ్చిన మాటకు తానే కట్టుబడాల్సి వచ్చింది. పింఛను 10,000 అయింది. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం, హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి దాదాపు 700 కోట్లతో తాగునీటి పథకం 2023 డిసెంబర్ 14న ప్రారంభమయ్యాయి. 2024లో మళ్ళీ ప్రభుత్వం మారింది, 10,000 పింఛను మాత్రం మారలేదు. ఇప్పుడు గ్రామీణ నీటి సరఫరా చూసే మంత్రి పవన్ కల్యాణే.

ఈ వరసలో ఏ ఒక్క పార్టీకీ మొత్తం ఘనత ఇవ్వలేం. అడిగేవాడు ఉన్నప్పుడు పని జరిగింది. అడిగినవాడు పదవిలోకి వచ్చాక తాను అడిగిన మాటకే బాధ్యుడయ్యాడు. ప్రతి ప్రభుత్వానికీ ఉద్దానంలో చెప్పుకోవడానికి ఏదో ఒక మంచి పని మిగిలిందంటే, అది ఎదుటివాళ్ళు పెట్టిన పోరు పుణ్యమే. ఆ కుటుంబాలకు ఇంకా ఎంతో చేయాలి, అది వేరే మాట.

ఇక అడిగేవాడు సభలో లేకపోతే ఏమవుతుందో చూద్దాం. జగన్ ప్రభుత్వం తెచ్చిన ల్యాండ్ టైటిలింగ్ చట్టం 2023 అక్టోబర్ 31న అమల్లోకి వచ్చింది. అది సభ దాటిన నాటికి ప్రతిపక్ష నాయకుడు సభకు రావడం లేదు. ముఖ్యమంత్రిగానే తిరిగి అడుగు పెడతానని చంద్రబాబు 2021 నవంబర్ 19న వెళ్ళిపోయారు. సభలో 151 మంది ఉన్న జగన్ పక్షానికి బిల్లు గట్టెక్కించడం కష్టమేమీ కాదు. భూమి తగాదా సివిల్ కోర్టుకు కాకుండా అధికారి ముందుకు వెళ్ళాలంటే రైతుకు ఎంత భయం వేస్తుందో, పాసు పుస్తకం మీద ముఖ్యమంత్రి బొమ్మ చూస్తే ఎలా అనిపిస్తుందో సభలో ఎవరైనా గట్టిగా పట్టుబట్టి చెప్పి ఉంటే, చట్టం సవరించుకునే వ్యవధి దొరికేది. ఆ మాట సభలో వినిపించలేదు, 2024 వేసవిలో రచ్చబండల దగ్గర వినిపించింది. అప్పటికి ఎన్నికల ప్రచారం నడుస్తోంది, సర్దుకోవడానికి రోజులు లేవు. జూలై 2024లో కొత్త సభ ఆ చట్టాన్ని రద్దు చేసింది. విమర్శ ముందే వస్తే సవరణతో పోతుంది, ఆలస్యంగా వస్తే అధికారమే పోతుంది. ఆ పార్టీకి 151 మంది బలం చేసిన నష్టం ఇది.

శాసన మండలి విషయం ఇంకా స్పష్టం. 2020 జనవరి 22న మూడు రాజధానుల బిల్లులను మండలి ఛైర్మన్ సెలెక్ట్ కమిటీకి పంపాలని తేల్చారు. అప్పుడు మండలిలో తెలుగుదేశానిదే మెజారిటీ. ఐదు రోజులకే, జనవరి 27న, మండలినే రద్దు చేయాలని అసెంబ్లీ తీర్మానించింది. 2021 నవంబర్‌లో ప్రభుత్వం ఆ తీర్మానాన్నీ ఉపసంహరించుకుంది, రాజధానుల చట్టాన్నీ వెనక్కి తీసుకుంది. ఇవాళ వైఎస్సార్ కాంగ్రెస్‌కు నోరు తెరిచి మాట్లాడే చోటు ఏది? ఆ మండలే. 2024లో చీపురుపల్లిలో ఓడిన బొత్స సత్యనారాయణ అదే ఆగస్టులో మండలికి ఎన్నికై అక్కడ ప్రతిపక్ష నాయకుడయ్యారు. విజయనగరం జిల్లా గొంతు ప్రతిపక్షం వైపు నుంచి చట్టసభలో వినిపిస్తోందంటే, 2020లో వాళ్ళే మూసేద్దామనుకున్న ఇంట్లోంచి వినిపిస్తోంది. అధికారంలో ఉన్నవాళ్ళు ప్రతిపక్షానికి ఇచ్చే చోటు రేపు తమకు తాము దాచుకున్న చోటు అవుతుంది. ఇప్పటి కూటమి పెద్దలు కూడా ఇది ఆలోచించాలి.

ఈ జిల్లాలకు దీనికంటే పాత అనుభవం ఉంది, చాలా బాధాకరమైంది. ఏజెన్సీలో భూమి చేజారిన గిరిజనులు, పాలేరుతనంలో మగ్గినవాళ్ళు 1950ల చివరి నుంచి సంఘం కట్టుకొని అడిగారు. వాళ్ళను కూడగట్టింది బడి పంతుళ్ళు. పోడు భూమి మాది, కూలి పెంచండి, అప్పుల పేరుతో లాక్కున్నది తిరిగివ్వండి అన్నవే వాళ్ళ కోరికలు. 1959లో గిరిజనుల భూముల బదిలీ మీద నిబంధన వచ్చినా నేల మీద పెద్దగా మారిందేమీ లేదు. 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర సభకు వెళుతున్న గిరిజనుల మీద భూస్వాముల వైపు నుంచి కాల్పులు జరిగి ఇద్దరు చనిపోయారు. నిందితులకు శిక్ష పడలేదు. తర్వాత కొండల్లో తుపాకులు మోగాయి, కల్లోలిత ప్రాంతంగా ప్రకటన వచ్చింది, ఎందరో చనిపోయారు. 1970 జూలైలో ఆ పంతుళ్ళలో ముఖ్యులైన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం మరణించారు. గిరిజనేతరులకు ఏజెన్సీ భూమి చేతులు మారకుండా కట్టుదిట్టం చేసిన ఒకటో నంబర్ నిబంధన వచ్చింది కూడా ఆ 1970లోనే.

చెరువు నిండితే నీరు పోవడానికి అలుగు ఉంటుంది, అలుగు మూస్తే గట్టు తెగుతుంది. శాంతంగా అడిగిన సంఘాన్ని 1960లో ప్రతిపక్షంగా గుర్తించి కూర్చోబెట్టి మాట్లాడి ఉంటే, పదేళ్ళ తర్వాత చేసిన చట్టం అప్పుడే వచ్చేదని నా నమ్మకం. ఆ కొండల్లో పోయిన ప్రాణాల్లో చాలా మిగిలేవి. 2010 జూలై 14న సోంపేట బీల చిత్తడి భూముల దగ్గర థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దన్న జనం మీద పోలీసులు కాల్పులు జరిపినప్పుడూ ఇదే పాఠం. ప్రాణాలు పోయాకే పర్యావరణ అనుమతి రద్దయింది.

బయటి ప్రపంచంలో దీనికి అతి పెద్ద సాక్ష్యం చైనా. 1958 నుంచి 1961 దాకా అక్కడ కోట్ల మంది ఆకలితో చనిపోయారు. పంట పండిందని కింది అధికారులు తప్పుడు లెక్కలు పైకి పంపారు, అబద్ధమని చెప్పడానికి ప్రతిపక్షమూ లేదు, స్వేచ్ఛ ఉన్న పత్రికా లేదు. ప్రజాస్వామ్యం సరిగా పనిచేసే దేశంలో పెద్ద కరువు చావులు రాలేదని అమర్త్య సేన్ చెప్పింది ఇందుకే. విమర్శ విలువ తెలిసిన చట్టసభలూ ఉన్నాయి. ప్రతిపక్ష నాయకుడికి ప్రభుత్వ ఖజానా నుంచి జీతమిచ్చే చట్టం బ్రిటన్ 1937లో చేసింది, మన పార్లమెంటు 1977లో, ఎమర్జెన్సీ ముగిసిన ఏడాదే చేసింది. ప్రభుత్వాన్ని విమర్శించే మనిషికి ప్రభుత్వమే జీతమివ్వడం వెనక ఎంత అనుభవం ఉందో!

మరో ప్రమాదం పార్టీ లోపలిది. ఎదురుగా పోటీ లేకపోతే వర్గాలు ఇంట్లోనే పుడతాయి. 1978లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 294 సీట్లకు 175 గెలిచిన కాంగ్రెస్ ఐదేళ్ళలో నలుగురు ముఖ్యమంత్రులను మార్చింది. చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, విజయభాస్కరరెడ్డి. సభలో ప్రతిపక్షాలు చీలికలు పేలికలుగా ఉన్నాయి గనుక వాళ్ళకు భయం లేకపోయింది. 1982 మార్చిలో పుట్టిన తెలుగుదేశం 1983 జనవరిలో 200 సీట్లు దాటింది.

గట్టి ప్రతిపక్షమంటే కేకలు వేసేది అని కాదు. సభకు వచ్చేది, చదివి వచ్చేది. 2019 తర్వాత పబ్లిక్ అకౌంట్స్ కమిటీకి అధ్యక్షుడిగా పయ్యావుల కేశవ్ ప్రభుత్వ జమాఖర్చుల మీద ప్రశ్నలు లేవనెత్తారు. ఇప్పుడు ఆయన ఆర్థిక మంత్రి. ప్రతిపక్షంలో లెక్కలు చదవడం పాలనకు ఎంత మంచి శిక్షణో దీన్నిబట్టి తెలుస్తుంది. ఆ కమిటీని ప్రతిపక్షానికి ఇవ్వడం చాలాకాలంగా ఉన్న ఆనవాయితీ. 2024లో అది పాలక కూటమిలోని జనసేనకే వెళ్ళింది. వైఎస్సార్ కాంగ్రెస్‌కున్న 11 మందికి కమిటీ ఎన్నికలో గెలిచే బలం లేదు, వాళ్ళు దాన్ని బహిష్కరించారు. కూటమి తనంతట తాను ఆ కుర్చీ వదిలిపెట్టి ఉండాల్సిందని నేను అంటాను. ప్రతిపక్ష హోదా ఇవ్వలేదని వైఎస్సార్ కాంగ్రెస్ సభకు దూరంగా ఉండిపోవడం కూడా తప్పే. నూటికి 39 మంది ఓటేసింది సభకు వెళ్ళమని. హోదా లేకపోయినా ప్రశ్న అడిగే హక్కు ప్రతి సభ్యుడికీ ఉంది. 2021లో చంద్రబాబు వెళ్ళిపోవడానికీ ఇదే మాట వర్తిస్తుంది.

వచ్చే ఎన్నికల దాకా ఈ రెండు జిల్లాల ఓటరు చేతులు కట్టుకొని కూర్చోనవసరం లేదు. మీ ఎమ్మెల్యే మీ ఊరు వచ్చినప్పుడు, హిరమండలం నీళ్ళ గురించో ఏజెన్సీ రోడ్డు గురించో సభలో ఎప్పుడు అడిగారని అడగండి. ఓడిన అభ్యర్థి మీ వీధిలోకి వచ్చినప్పుడు, మీ పార్టీ సభకు ఎప్పుడు వెళుతుందని అడగండి. ఇద్దరినీ అడగండి.