గుర్రానికి స్నానం ఎన్నాళ్లకొకసారి? నారాయణఖేడ్ ప్రాంత అశ్వ పోషణలో మాలీసు, కడుగుడు

సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో పశుపోషణ అనగానే గేదెలు, ఎడ్లు, మేకలు, గొర్రెలు గుర్తుకు వస్తాయి. గుర్రాలు కొద్దిమంది వద్దనే ఉంటాయి. వాటికి ముఖ్యమైన పని పెండ్లి ఊరేగింపు. 2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశం మొత్తం మీద గుర్రాలు, తట్టువలు కలిపి సుమారు 3.4 లక్షలు మాత్రమే. 2012 నాటి లెక్కతో పోలిస్తే ఇది సుమారు 45 శాతం తక్కువ. గుర్రాలతో పాటు వాటి బాగోగులు ఎరిగిన సాయీసులు కూడా అరుదవుతున్నారు. కొత్తగా గుర్రాన్ని కొన్న రైతు తనకు తెలిసిన పశువును బట్టి, అంటే గేదెను బట్టి, గుర్రాన్ని సాకుతాడు. సలహా ఇవ్వవలసిన విస్తరణ సిబ్బంది అనుభవం కూడా ప్రధానంగా పాడి పశువులకు సంబంధించినదే కావడంతో పొరపాటు సరిదిద్దేవారు ఉండరు.

ఆ పొరపాటు ఎక్కువగా స్నానం దగ్గర మొదలవుతుంది. గుర్రాన్ని ఎన్నాళ్లకొకసారి కడగాలి అన్న ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలు కలిసి ఉన్నాయి. ఒకటి మాలీసు, అంటే కుంచెతో, గుడ్డతో ఒంటిని రుద్ది శుభ్రపరచడం. రెండవది నీటితో కడగడం. మొదటిదానికి క్యాలెండర్ ఉంది: ప్రతి దినం. రెండవదానికి క్యాలెండర్ లేదు; గుర్రం ఎంత చెమటోడ్చింది, ఏ ఋతువు నడుస్తున్నది అన్నవే దానిని నిర్ణయిస్తాయి. సబ్బు స్నానం వేరే సంగతి. అది ఎంత అరుదైతే అంత మేలు.

గేదె నియమం గుర్రానికి ఎందుకు చెల్లదు?

గేదె చర్మం నల్లనిది, వెంట్రుకలు పలుచన. దాని స్వేద గ్రంథుల సాంద్రత ఆవులో ఉన్నదానిలో ఆరవ వంతు మాత్రమే ఉంటుందని పశు శరీరధర్మ శాస్త్ర గ్రంథాలు చెబుతాయి. తన ఒంటి వేడిని తానే చెమటతో పోగొట్టుకోలేదు కనుక చెరువులో, బురదలో మునగడం దానికి అవసరం. రోజూ కడిగితే గేదె సుఖపడుతుంది, పాలు కూడా నిలకడగా ఇస్తుంది. రైతుకు ఇది తరతరాల అనుభవం.

గుర్రం సంగతి ఇందుకు విరుద్ధం. పశువులన్నింటిలో విరివిగా చెమటోడ్చేది గుర్రమే. ఎండలో కఠిన శ్రమ చేసే గుర్రం గంటకు 10 నుండి 15 లీటర్ల వరకు చెమట కోల్పోగలదు. ఆ చెమటలో ‘లాథెరిన్’ అనే ప్రోటీన్ ఉంటుంది. సబ్బు వలె పనిచేసే ఈ పదార్థం నూనె పట్టిన దట్టమైన వెంట్రుకలను తడిపి, చెమట చర్మం నుండి వెంట్రుకల కొసల దాకా పాకి ఆవిరయ్యేలా చేస్తుంది. జీను కింద, తొడల మధ్య తెల్లని నురుగు కనిపించడానికి కారణం ఇదే. దానిని మురికిగా భావించి సబ్బు పెట్టి తోమేవారున్నారు. మామూలు నీరు పోస్తే చాలు, అది పోతుంది.

చర్మంలోని తైల గ్రంథులు స్రవించే సెబమ్ వెంట్రుకలకు పూతగా ఏర్పడి నీటిని లోనికి రానీయదు, సూక్ష్మజీవులను కొంతవరకు అడ్డుకుంటుంది. గుర్రం ఒంటి నిగనిగకు మూలం ఈ తైలమే. వారానికి రెండు మూడు సార్లు బట్టల సబ్బు లేదా డిటర్జెంట్ పొడితో కడిగితే ఈ పూత కొట్టుకుపోతుంది. వెంట్రుక గరుకుబారి, చర్మం పొడిబారి, పొట్టు రాలి, దురద పుడుతుంది. దురద వల్ల గుర్రం గోడకు రాచుకుంటుంది. రాచుకున్నచోట పుండు, పుండు మీద ఈగలు. ఈగలు మోసే హబ్రోనిమా పురుగు పిల్లలు ఆ పుండులో చేరితే వేసవి అంతా మానని కండ పెరుగుతుంది. మెరుపు కోసం చేసిన స్నానమే మెరుపును పోగొడుతుందన్న విషయం యజమానికి చెప్పడం కష్టం కాదు. ఒక నెల సబ్బు మాన్పించి మాలీసు చేయిస్తే తేడా అతనికే కనబడుతుంది.

నిత్య మాలీసు

పనికి పంపే ముందు ఒకసారి, తిరిగి వచ్చి ఒళ్లు ఆరిన తరువాత ఒకసారి మాలీసు చేయడం ఉత్తమం. పని లేని రోజున ఒకసారి చాలు. మొదట రబ్బరు దువ్వెనతో మెడ నుండి తొడ వరకు గుండ్రంగా రుద్దితే ఊడిన వెంట్రుకలు, ఎండిన చెమట, దుమ్ము పైకి లేస్తాయి. మోకాళ్ల దిగువన, ముఖం మీద ఎముకపై చర్మం తప్ప కండ ఉండదు కనుక అక్కడ గట్టి దువ్వెన వాడరాదు. ఆపై గట్టి కుంచెతో వెంట్రుకలు మొలిచిన దిశలో దులిపి, మెత్తని కుంచెతో ముగించాలి. కళ్లు, ముక్కుపుటాలను ఒక తడి గుడ్డతో, తోక కింది భాగాన్ని మరొక గుడ్డతో తుడవాలి. తోకను ఇనుప దువ్వెనతో లాగితే వెంట్రుకలు తెగుతాయి, మళ్లీ పెరగడానికి చాలా కాలం పడుతుంది. వేళ్లతో చిక్కు తీయడమే మేలు. ఇరవై నిమిషాల పని ఇది. చేతి ఒత్తిడి చర్మంలో రక్త ప్రసరణను పెంచి తైలాన్ని వెంట్రుకల పొడవునా పరుస్తుంది.

గిట్టలను కూడా రోజూ ఎత్తి చూడాలి. అరికాలి గాడుల్లోని పేడ, మట్టిని మడమ నుండి మొన వైపు కొక్కెంతో తీయాలి. అక్కడ నల్లని స్రావం, దుర్వాసన ఉంటే గిట్ట కుళ్లు మొదలైనట్లే. లాడాలు ఉన్నా లేకున్నా 6 నుండి 8 వారాలకొకసారి గిట్టలను చెక్కించాలి.

శుభ్రత కన్నా మాలీసు వల్ల కలిగే పెద్ద ప్రయోజనం మరొకటి ఉంది. గుర్రం ఒంటి మీద ప్రతి అంగుళాన్నీ ప్రతి దినం ఒక మనిషి చేయి తాకుతుంది. జీను ఒరిపిడికి లేచిన వాపు, కాలి వేడి, పిడుదు, కణితి, చిన్న గాయం ఏదైనా ఆ చేతికే ముందుగా తెలుస్తుంది. ఇది ఎందుకంత ముఖ్యమో చివరి భాగంలో తెలుస్తుంది.

వేసవి ఊరేగింపు తరువాత

వేసవి పెండ్లి ముహూర్తాల కాలంలో ఈ ప్రాంతపు పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటడం సాధారణం. జరీ బట్ట, బరువైన అలంకరణ, డప్పులు, దీపాల వేడి, జనం మధ్య గంటల తరబడి నిలబడటం, ఇవన్నీ కలిసి పరుగెత్తకపోయినా గుర్రాన్ని వేడెక్కిస్తాయి. గుర్రం సహజ ఉష్ణోగ్రత 37.5 నుండి 38.5 డిగ్రీలు. అది 40 దాటి, ముక్కుపుటాలు విప్పార్చి ఆగకుండా రొప్పుతుంటే అది స్నానపు ప్రశ్న కాదు, ప్రాణపు ప్రశ్న. అలంకరణ, జీను వెంటనే విప్పి, నీడలో గాలి తగిలే చోట నిలబెట్టి, ఒళ్లంతటా చల్లని నీరు ఆపకుండా పోయాలి. ఒకసారి పోసి ఊరుకుంటే వెంట్రుకల్లో నిలిచిన నీరు వేడెక్కుతుంది. మళ్లీ మళ్లీ పోయాలి. తడి గోనె కప్పరాదు, అది గాలిని ఆపుతుంది. తాగడానికి నీరు అందుబాటులో ఉంచాలి.

వేడి మీద ఉన్న గుర్రంపై చన్నీళ్లు పోస్తే కండరాలు పట్టేస్తాయన్న భయం మన దగ్గరే కాదు, ఐరోపాలోనూ చాలాకాలం ఉండేది. 1996 అట్లాంటా ఒలింపిక్స్ వేడిమిని దృష్టిలో ఉంచుకొని పోటీ గుర్రాలపై జరిగిన పరిశోధనలు చల్లని నీరు హాని చేయదని, శరీర ఉష్ణోగ్రతను త్వరగా దించుతుందని చూపాయి. విస్తరణ సిబ్బంది ఈ ఒక్క విషయాన్ని పోషకులకు నచ్చజెప్పినా కొన్ని గుర్రాలు దక్కుతాయి.

ఇంత తీవ్రత లేని రోజుల్లో కూడా, చెమటోడ్చిన ప్రతిసారీ మామూలు నీటితో ఉప్పు కడిగి, చేతితో గాని చెక్కతో గాని నీటిని దిగలాగి, ఆరేదాకా నీడలో నడిపించడం మంచిది. ఎండిన చెమట ఉప్పు మీద జీను వేస్తే వీపు ఒరుసుకుపోతుంది. హైదరాబాద్ మలక్‌పేట రేసు గుర్రాలకు రోజూ నీళ్లు పోస్తారు గదా అని కొందరు అడుగుతారు. అవి రోజూ పరుగెత్తి చెమటోడ్చుతాయి. నెలలో పది రోజులు కొట్టంలో నిలబడే ఊరేగింపు గుర్రానికి ఆ లెక్క వర్తించదు. అయితే వేడి, తేమ ఉన్న రోజుల్లో కొన్ని గుర్రాలకు చెమట పట్టడం తగ్గిపోతుంది. పని తరువాత ఒళ్లు పొడిగా ఉండి రొప్పు మాత్రం ఆగదు. అలాంటి గుర్రానికి గేదెకు వలెనే తరచుగా నీళ్లు పోయవలసిందే, పశువైద్యునికి చూపించవలసిందే.

వానాకాలం, నల్లరేగడి

జూన్ తరువాత సమస్య తలక్రిందులవుతుంది. రేగడి బురద కాళ్లకు జిగురులా అంటుకుంటుంది. దానిని రోజూ సాయంత్రం కడిగి తడి కాళ్లతోనే కట్టివేస్తే చర్మం నానిపోతుంది. డెర్మటోఫిలస్ కాంగోలెన్సిస్ అనే సూక్ష్మజీవి సరిగ్గా ఇలాంటి నానిన చర్మంలోనే లోనికి చొరబడుతుంది. వీపు మీద, కాళ్ల మడతల్లో వెంట్రుకలు కుచ్చులుగా అతుక్కొని పొక్కులు కడతాయి. బురదను ఎండనిచ్చి, మరునాడు కుంచెతో దులపడం మేలు. తప్పక కడగవలసి వస్తే ఆ కాళ్లను పొడి గుడ్డతో తుడిచి, పొడి గడ్డి మీద నిలపాలి. వర్షం ఎడతెరిపి లేకుండా కురిసే వారంలో స్నానం అసలు మానేయవచ్చు. మాలీసు మాత్రం మానరాదు.

సబ్బు గురించి నా అభిప్రాయం ఇది: వానాకాలంలోనూ, చలికాలంలోనూ వద్దు, పెండ్లిళ్ల కాలంలో నెలకు ఒకసారికి మించవద్దు, అది కూడా గుర్రాల కోసం తయారైన తేలికపాటి షాంపూతో, పూర్తిగా పోయేదాకా నీళ్లు పోసి. బోరు నీరు కఠినంగా ఉన్న ఊళ్లలో సబ్బు మడ్డి వెంట్రుకల్లోనే నిలిచిపోతుంది. అలంకరణ కోసం పూసిన రంగులను మాత్రం ఆ రాత్రే తీసివేయాలి.

పిడుదుల మందు

గేదె అనుభవం గుర్రానికి ప్రాణాంతకమయ్యే చోటు ఇదే. పశువుల పిడుదులకు అమిట్రాజ్ 12.5 శాతం ద్రావణాన్ని లీటరు నీటికి 2 మి.లీ. చొప్పున కలిపి ఒంటికి పట్టించడం పల్లెల్లో వాడుక. మిగిలిన నీళ్లను పక్కనే కట్టిన గుర్రానికి కూడా పట్టించడం సహజంగా తోచే పని. కాని అమిట్రాజ్‌ను గుర్రాలకు వాడరాదు. అది ఆల్ఫా-2 గ్రాహకాలను ప్రేరేపించి ప్రేగుల కదలికను మందగింపజేస్తుంది. పెద్దప్రేగులో మేత గడ్డకట్టి తీవ్రమైన కడుపునొప్పి వస్తుంది. గుర్రం వాంతి చేసుకోలేదు. మగతగా తూలడం, మేత ముట్టకపోవడం, పేడ ఆగిపోవడం, పొట్టను వెనుదిరిగి చూసుకోవడం, కాళ్లతో నేలను గీరడం, దొర్లడం కనిపిస్తాయి. పొరపాటున పట్టిస్తే లక్షణాల కోసం వేచి చూడక వెంటనే నీటితో బాగా కడిగి, పశువైద్యుని పిలవాలి. తెలంగాణలో సంచార పశువైద్య సేవకు 1962 నంబరు ఉంది. ఏ మందు పట్టించారో డబ్బా చూపించి చెబితే విరుగుడు ఇవ్వడం సులభమవుతుంది. రోజూ మాలీసు చేసే గుర్రంపై కొద్దిపాటి పిడుదులను చేతితో ఏరివేయవచ్చు. ఎక్కువైతే గుర్రాలకు పనికివచ్చే మందును, మోతాదును వైద్యుడే నిర్ణయించాలి.

ఎవరి కుంచె వారికి

నారాయణఖేడ్ మూడు రాష్ట్రాలు కలిసే చోటికి దగ్గర. ఒకవైపు బీదర్, మరొకవైపు దెగ్లూర్ మీదుగా నాందేడ్. నాందేడ్ జిల్లా లోహా తాలూకాలోని మాళేగావ్‌లో మార్గశిర మాసాంతాన మొదలయ్యే ఖండోబా జాతర గుర్రాల, గాడిదల సంతకు పేరెన్నికగన్నది. ఇలా ఊళ్లు తిరిగే గుర్రాలు ఒకే కొట్టంలో దిగినప్పుడు తొట్టి, జీను, కుంచె పంచుకుంటాయి. ట్రైకోఫైటాన్ ఈక్వినమ్ వల్ల కలిగే తామర కుంచె ద్వారా, జీను బట్ట ద్వారా సులభంగా పాకుతుంది, మనిషికీ సోకుతుంది.

దానికన్నా భయంకరమైనది గ్లాండర్స్. బర్ఖోల్డేరియా మాలై అనే బ్యాక్టీరియా వల్ల గుర్రాలకు, గాడిదలకు, కంచర గాడిదలకు వచ్చే ఈ వ్యాధి 2009 నాటి జంతువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం కింద తప్పక తెలియజేయవలసిన వ్యాధుల్లో ఒకటి. జ్వరం, ముక్కు నుండి జిగట చీము, కాళ్లపై లోపలి వైపు దండలోని పూసల వలె వరుసగా లేచే కణుతులు, అవి పగిలి పుండ్లు కావడం దీని లక్షణాలు. టీకా లేదు. వ్యాధి నిర్ధారణ అయిన పశువును చట్ట ప్రకారం తొలగించవలసి ఉంటుంది. చేతిపై చిన్న గీత ఉన్నా, తుంపరలు పీల్చినా మనిషికి సోకి ప్రాణం తీయగలదు; అందరికన్నా ముందు ప్రమాదంలో పడేది మాలీసు చేసే మనిషే. కనుక చేతికి గాయం ఉన్నవారు ఆ పని చేయరాదు. అనుమానపు కణితి కనిపించిన గుర్రాన్ని వెంటనే వేరుచేసి, దానిని దువ్విన కుంచెను మరొక గుర్రానికి వాడకుండా పక్కన పెట్టి, పశువైద్యశాలకు తెలపాలి. రక్త నమూనాల పరీక్షలో దేశానికి ప్రధాన ఆధారం హిస్సార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం.

సంత నుండి కొత్త గుర్రాన్ని తెచ్చిన వారు మూడు వారాలైనా దానిని విడిగా కట్టి, దానికంటూ ఒక బకెట్టు, ఒక కుంచె, ఒక గుడ్డ కేటాయించాలి. ఇంట్లో ఉన్న గుర్రానికి మాలీసు ముగించి, ఆ తరువాతే కొత్తదాని వద్దకు వెళ్లాలి. అక్కడి నుండి చేతులు సబ్బుతో కడుక్కొని గాని తిరిగి రారాదు.