ముఖం చెప్పే మాట

మనిషి గుండెలో ఉన్నది ముందుగా ముఖంలో కనిపిస్తుంది. నోరు దాచినా కళ్లు దాచలేవని పెద్దలు అంటారు. ఈ సంగతి నాడి పట్టే హకీముకు తెలుసు. పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని పాఠం చెప్పే ఉపాధ్యాయునికీ కొంత తెలుసు. ఇతరుల ముఖాలు చూడటమే బతుకుతెరువుగా పెట్టుకున్న స్టూడియో ఫొటోగ్రాఫరుకు ఇంకా బాగా తెలుసు. ఈ వారం ఆ వృత్తి గురించి, అందులోనే జుట్టు నెరిసిన ఒక పెద్దాయన మాతో చెప్పుకున్న అనుభవాల గురించి పాఠకులతో పంచుకోదలిచాం.

చీకటి గది నుంచి స్టూడియో దాకా

కెమెరా అనే మాటకు లాటిన్ భాషలో గది అని అర్థం. చీకటి గదిలోకి సన్నని రంధ్రం గుండా వెలుతురు వస్తే బయటి దృశ్యం లోపలి గోడపై తలకిందులుగా పడుతుంది. వెలుతురు ప్రయాణించే తీరును చీకటి గది ప్రయోగాలతో పరిశీలించి శాస్త్రీయంగా వివరించిన మహా పండితుడు ఇబ్నుల్ హైసమ్. ఆయన 965లో బస్రాలో జన్మించి కైరోలో స్థిరపడ్డారు. ఆయన రాసిన ‘కితాబుల్ మనాజిర్’ తరువాతి శతాబ్దాల్లో ఐరోపా పండితులకు కూడా పాఠ్యగ్రంథమైంది.

ఫొటో తీసే విద్య వచ్చాక ముస్లింలు కూడా దాన్ని అందిపుచ్చుకున్నారు. ఈజిప్టు సైన్యంలో ఇంజనీరుగా పనిచేసిన ముహమ్మద్ సాదిఖ్ బే 1861లో మదీనా నగరాన్ని, 1880లో మక్కాను ఫొటోలు తీశారు. ఆ పుణ్య నగరాలకు అవే తొలి ఫొటోలని చరిత్రకారులు చెబుతారు. ఆ దశకంలోనే మక్కాకు చెందిన అబ్దుల్ గఫ్ఫార్ అనే వైద్యుడు దేశదేశాల నుంచి వచ్చిన హాజీలను కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. రోగుల ముఖాలు చూసే వైద్యుడే కెమెరా పట్టడం గమనించదగిన విషయం.

మన తెలుగు నేల విషయానికి వస్తే రాజా దీన్‌దయాళ్ పేరు చెప్పుకోవాలి. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో జైన కుటుంబంలో పుట్టిన ఆయన ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా పేరు గడించారు. నిజాం ఆయనకు ‘ముసవ్విర్ జంగ్’ అనే బిరుదునిచ్చారు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో ఆయన ప్రత్యేకంగా జనానా స్టూడియో నెలకొల్పారు. దాని బాధ్యతలు ఒక ఆంగ్ల మహిళ చూసేవారు. ఎత్తైన గోడల మధ్య, పరాయి పురుషుని కంటపడకుండా, స్త్రీలు నిశ్చింతగా ఫొటో దిగగలిగారు. ఎదుటివారి మర్యాదకు భంగం కలగకూడదన్న ఆలోచన ఆ ఏర్పాటులో ఉంది.

ఫొటో విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయభేదం ఉన్నదని పాఠకులకు తెలిసిందే. ప్రాణుల చిత్రాల గురించి హదీసుల్లో వచ్చిన హెచ్చరిక ఫొటోకు కూడా వర్తిస్తుందని మన దేశంలోని పలువురు ఉలమాలు భావించారు. పాస్‌పోర్టు, హజ్ ప్రయాణం వంటి అవసరాలకు మాత్రం వెసులుబాటు ఇచ్చారు. ఇది నీడను పట్టి నిలపడం లాంటిదేనని ఈజిప్టు ముఫ్తీగా పనిచేసిన షేఖ్ ముహమ్మద్ బఖీత్ అభిప్రాయపడ్డారు. ఆ మస్‌అలా తేల్చడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. సందేహం ఉన్నవారు తమకు నమ్మకమైన ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి. ముఖం చూసే వృత్తి నుంచి మనం నేర్చుకోదగినదేమిటన్నదే ఇక్కడి విషయం.

ఒక్క స్టూలు, ఊరంతా

గుంటూరు నుంచి ఒంగోలు దాకా పత్తి, మిరప పండే ఊళ్లలో బస్టాండు పక్కనో బజారు మలుపులోనో ఒక స్టూడియో ఉండేది. ముందు గదిలో అద్దం, దువ్వెన, పౌడరు డబ్బా. లోపలి గదిలో రంగులు పూసిన తెర, రెండు గొడుగు లైట్లు, ఒక స్టూలు. ఇంకా లోపల ఎర్రబల్బు వెలిగే డార్క్‌రూమ్. అలాంటి ఒక స్టూడియోను నలభై ఏళ్లు నడిపిన పెద్దాయన మాకు బాగా పరిచయం. పిల్లలంతా ఆయన్ను ‘ఫొటో మామూ’ అనేవారు. పరీక్షల హాల్‌టికెట్ల కోసం మా విద్యార్థులను, హజ్ కాగితాల కోసం మా మొహల్లా పెద్దలను వెంటబెట్టుకుని మేము ఎన్నోసార్లు అక్కడికి వెళ్లాం. పత్రికలో తన పేరు వద్దన్నారు కనుక మేమూ మామూ అనే రాస్తున్నాం.

సమాజమంటే ఏమిటో తనకు ఆ స్టూలు నేర్పిందని మామూ అంటారు. యార్డులో మిర్చి అమ్ముకుని ఎర్రబడ్డ కళ్లతో వచ్చిన రైతు, పత్తి ఏరి వచ్చిన కూలీ తల్లి, దూదేకే నూర్‌బాషా సోదరుడు, చర్చి పాస్టరు, గుడి పూజారి, మసీదు మౌజన్ అందరూ అదే స్టూలు మీద కూర్చున్నారు. 1993లో ఎన్నికల సంఘం ఓటరు గుర్తింపు కార్డులకు ఆదేశించిన తరువాత, అంతకుముందు ఎన్నడూ కెమెరా ఎదుట నిలవని వారికి కూడా ఫొటో తప్పనిసరి అయింది. ఊరిలో ఒకరి ఇంటికి మరొకరు వెళ్లకపోయినా, ఒకరి తరువాత ఒకరు అదే వెలుతురులో కూర్చుని లేచారు.

ఈ మైదానాల్లో పుట్టి దేశమంతటా గౌరవం పొందిన ఇద్దరిని ఈ సందర్భంలో గుర్తు చేసుకోవడం సముచితం. బుర్రకథకు పర్యాయపదంగా నిలిచిన షేక్ నాజర్ (1920-1997) గుంటూరు జిల్లా పొన్నెకల్లువారు. దూదేకుల కుటుంబంలో పుట్టిన ఆయన జీవితకథకు ‘పింజారి’ అనే పేరే పెట్టారు. నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా (1924-1999) ఒంగోలు దగ్గరి కరవదివారు. ఆయన నాదస్వరం ఆలయాల్లో మంగళవాద్యంగా మోగింది. ఇద్దరినీ పద్మశ్రీ వరించింది. వారిని చూడని తరానికి వారి ముఖాలు ఫొటోల ద్వారానే తెలుసు. పేరులేని కూలీ ముఖాన్ని కూడా అంతే శ్రద్ధతో చూడాలన్నది మామూ నియమం. బాకీ ఉన్నవాడికైనా, పెద్ద నోటు ఇచ్చినవాడికైనా ఆయన లైటు ఒకే తీరుగా పెట్టేవారు.

మీ ఎద్దు పేరేమిటి?

ఫొటోకు కూర్చోగానే మనిషి బిగుసుకుపోతాడు. మెడ నిలువుగా, పెదవులు గట్టిగా, కళ్లు భయంగా. “కదలకండి” అంటే ఇంకా బిగుస్తాడు. “నవ్వండి” అంటే నవ్వు రాదు. ఈ చిక్కుకు మామూ కనిపెట్టిన మందు ఒక చిన్న ప్రశ్న. రైతు అయితే “మీ ఎద్దు పేరేమిటండీ?” అని, పిల్లవాడైతే “మీ మేకపిల్ల ఏం తింటుందిరా?” అని, ముసలమ్మ అయితే “ఖాలా, మీ పిల్లి నిన్న ఎక్కడ పడుకుంది?” అని అడిగేవారు. జవాబు చెప్పేలోగా భుజాలు దిగేవి, కళ్లలోకి వెలుగు వచ్చేది. అప్పుడు బటన్ నొక్కేవారు.

ఒంగోలు జాతి పశువులు ఈ ప్రాంతానికి గర్వకారణం. మన ఒంగోలు గిత్తల సంతతి సముద్రాలు దాటి బ్రెజిల్‌లో ‘నెలోర్’ పేరుతో విస్తరించింది. గుంటూరు దగ్గరి లాం ఫారంలో ఈ జాతి పరిరక్షణ జరుగుతోంది. బండలాగుడు పోటీల్లో గెలిచిన జతతో ఫొటో దిగి, పటం కట్టించుకుని, దాన్ని ఇంటి నడవలో తగిలించుకున్న రైతులు ఎందరో ఉన్నారు. పశువు పక్కన నిలబడినప్పుడు మనిషి ముఖంలో గర్వం ఉంటుంది గానీ గర్విష్ఠితనం ఉండదని మామూ చెప్పిన మాట మాకు నచ్చింది.

ధర్మం కూడా మూగజీవాల పట్ల ఇదే మమత నేర్పింది. దివ్య ఖుర్‌ఆన్ (6:38) పశుపక్ష్యాదులను మానవుల మాదిరి సముదాయాలుగా పేర్కొంది. హజ్రత్ అబూ ఖతాదా (రజి) వుజూ కోసం ఉంచిన నీళ్ల దగ్గరికి పిల్లి వస్తే, అది సులువుగా తాగేలా పాత్రను వంచి పట్టుకున్నారు. పిల్లి అపవిత్రం కాదని, అది మన ఇళ్లలో మన చుట్టూ తిరిగే జీవమని దైవప్రవక్త (స) చెప్పిన విషయాన్ని ఆయన ఇంటివారికి గుర్తు చేశారు. అబూ ఉమైర్ అనే చిన్నారి పెంచుకున్న పిట్ట చనిపోయి దిగులుగా ఉంటే, దైవప్రవక్త (స) ఆ పిట్ట పేరెత్తి బాలుణ్ణి ఆప్యాయంగా పలకరించారు. ఎంతో బాధ్యత మోస్తున్న మహనీయులు ఒక పసివాడి పిట్టను గుర్తుంచుకుని పరామర్శించారంటే, పిల్లల దుఃఖం చిన్నదని కొట్టిపారేసే మనం ఆలోచించాలి. పశువుల ముఖంపై కొట్టడాన్ని, వాతలు పెట్టడాన్ని కూడా ఆయన నిషేధించారు. పశువు ముఖానికి కూడా ఒక గౌరవం ఉందన్నమాట.

కళ్లు ఎత్తని మనిషి

అయితే అదే ప్రశ్న ఒకరోజు మరోలా పనిచేసింది. 1997-98 పత్తి రైతులకు మహా గడ్డుకాలం. పురుగు ఉధృతి, అదుపులేని వర్షాలు, అప్పు మీద అప్పు. రాష్ట్రంలో ఎందరో పత్తి రైతులు ఆత్మహత్య చేసుకున్నారు. అంతకు పదేళ్ల ముందు, 1987-88లో తెల్లదోమ దెబ్బకు ప్రకాశం జిల్లా కూడా ఇలాంటి విషాదాన్ని చూసింది. అప్పు కాగితాల కోసం దిగిన పాస్‌పోర్టు సైజు ఫొటోయే కొన్ని ఇళ్లలో చివరికి పత్రికకు ఇచ్చిన ఫొటో అయింది. తాను తీసిన ముఖం పేపర్లో కనబడిన రోజు తనకు అన్నం సహించలేదని మామూ అంటారు.

ఆ రోజుల్లోనే ఒక కౌలు రైతు ఫొటోకు వచ్చాడు. ఎంత చెప్పినా తల ఎత్తలేదు. మామూ అలవాటుగా ఎడ్ల పేర్లు అడిగారు. ఆ మనిషి పేర్లు చెప్పి భోరుమన్నాడు. ఆ ఉదయమే రెండింటినీ అమ్మేసి వచ్చాడట. మామూ లైట్లు ఆర్పేశారు. ముందు గదిలో కూర్చోబెట్టి టీ తెప్పించారు. ఇంట్లో ఎవరెవరున్నారో అడిగారు. మూడు గంటలు దుకాణం పని మానుకుని విన్నారు. తరువాత తన కుర్రాణ్ణి తోడిచ్చి బస్సెక్కించి, ఇంటికి చేర్చి, వాళ్ల అన్నగారికి సంగతి చెప్పి రమ్మన్నారు. ఫొటో తీయలేదు. అప్పు తీరడానికి ఏళ్లు పట్టింది. ఆ రైతు ఇప్పటికీ ఉన్నాడు. మామూ దగ్గర ఆయనది ఫొటో లేదు, స్నేహం మాత్రం ఉంది.

మన సమాజంలో ఒక లోపముంది. జ్వరం వచ్చినవారిని ఇయాదత్‌కు వెళ్లి పరామర్శిస్తాం, పండ్లు పట్టుకెళతాం. మనసు కుంగినవారిని మాత్రం ఈమాన్ బలహీనమైందనో, సోమరితనమనో అంటాం. శరీరానికి జబ్బు చేసినట్టే మనసుకూ చేస్తుంది. దువా చేయాలి, దవా కూడా చేయించాలి. నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, ఎవరి ముఖమూ చూడలేకపోవడం, బతుకు బరువని మాటిమాటికీ అనడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఆత్మహత్య మాట ఎత్తినవారిని ఒంటరిగా వదలకూడదు. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ‘టెలీ మానస్’కు 14416 నంబరులో రాత్రీపగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఈ నంబరును మసీదు నోటీసుబోర్డుపై రాసి ఉంచడం మంచి పని.

ఇప్పుడు అందరూ తీసేవారే

నేడు ప్రతి జేబులో కెమెరా ఉంది. ఆధార్ ఫొటో కంప్యూటరు ముందే తీస్తారు, పెళ్లి ఫొటోలు సెల్‌ఫోన్లో వచ్చేస్తాయి. మామూ కూడా స్టూడియో మూసేశారు. అట్టపెట్టెల్లో వేలాది నెగెటివ్‌లు మిగిలాయి. వాటిలో ఈ లోకం విడిచిన ఎందరో ఉన్నారు. తమ తల్లి ఫొటో ఒక్కటీ లేదంటూ ఇప్పటికీ అప్పుడప్పుడు ఎవరో ఒకరు వస్తారు. ఆయన వెదికి ఇస్తారు, డబ్బు తీసుకోరు. పరదా పాటించిన స్త్రీల నెగెటివ్‌లను మాత్రం వారి ఇంటివారికి తప్ప ఎవరికీ చూపరు. ఎదుటివారి ఫొటోను అడగకుండా తీసి పదిమందికీ పంపే ఈ కాలంలో ఆ అమానత్ విలువ మనం తెలుసుకోవాలి.

ఫొటోలు పెరిగాయి, ముఖాలు చూడటం తగ్గింది. కొడుకు గల్ఫ్‌లోనో హైదరాబాదులోనో ఉంటాడు. తల్లి ఇంట్లో ఒక్కతే, ఒక పిల్లి తోడుగా. వారానికోసారి ఫోన్ తెరపై ముఖం కనిపిస్తుంది, “బాగున్నావా అమ్మీ?” అంటే “బాగున్నాను బేటా” అంటుంది. ఆమె రోజూ పిల్లికి పాలు పోస్తున్నందుకు నవ్వుకునేవారు ఉన్నారు. ఆ పిల్లికి పాలు పోయాలనే ఆమె ఉదయాన్నే లేస్తుందని, ఆ జీవంతోనే పొద్దుటి నుంచి రాత్రి దాకా నాలుగు మాటలు మాట్లాడుతుందని వారికి తెలియదు. పొరుగింటివారు ఆ పిల్లి క్షేమం అడిగినా చాలు, ఆమె గుండెలో మాట బయటికి వస్తుంది.

తోటి సోదరుని ముఖం చూసి చిరునవ్వు నవ్వడం కూడా సదఖాయేనని దైవప్రవక్త (స) బోధించారు. దానికి రూపాయి ఖర్చు లేదు, కెమెరా అవసరం లేదు. కావలసిందల్లా ఒక నిమిషం ఆగడం. ఈ జుమా నమాజు ముగిశాక చెప్పుల కోసం తొందరపడకుండా, కుడిపక్క వారి ముఖం, ఎడమపక్క వారి ముఖం ఒకసారి చూద్దాం. కళ్లు ఎత్తనివారు కనిపిస్తే చేయి పట్టుకుని పక్కన కూర్చుందాం. ఇంట్లో ఎవరున్నారు, పొలం ఎలా ఉంది, గొడ్డూగోదా ఎలా ఉన్నాయి అని అడుగుదాం. అడిగి ఊరుకోకుండా జవాబు పూర్తయ్యేదాకా విందాం. అల్లాహ్ మనందరికీ ఆఫియత్‌ను, ఒకరినొకరు చూసుకునే మనసును ప్రసాదించుగాక. ఆమీన్.