కొండమీది ఐదుగురు

దేవుడు పలికినప్పుడు నమ్మటం సులభమే. ఆయన పలుకక ఊరకున్నప్పుడు నమ్మికను నిలుపుకొనటమే దుస్సాధ్యం. బైబిలు కీర్తనలలో 88వది ఆద్యంతం మొరయే. చీకటిని గూర్చిన పలుకుతోనే అది ముగుస్తుంది. చివరకు ఓదార్పయినా లేదు. అయినా పూర్వులు దానిని గ్రంథంలో నిలిపారు. మౌనం ఎదుట మొరపెట్టటం కూడ ఆరాధనయే అని వారి భావం కాబోలు.

మన తెలుగునాట ఇందుకు ఒంగోలు కొండ సాక్షి. అమెరికను బాప్తిస్టు మిషను పక్షాన శామ్యూల్ డే 1836లో ఆంధ్రదేశానికి వచ్చి, 1840లో నెల్లూరు చేరారు. ఏండ్లు గడిచినా సంఘంలో చేరినవారు బహు కొద్దిమంది. ఈ పనిని విరమింతమా అని 1853లో స్వదేశంలో చర్చలు సాగాయి.

1854 జనవరి 1వ తేదీ వేకువన లైమన్ జూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ నెక్కారు. ఆ ఊరికి ఒక బోధకుని పంపుమని ప్రార్థించారు. జవాబేదీ వినబడలేదు. కొండ దిగి మరల తమ పనిలో పడ్డారు. 1862లో అమెరికాలోని పెద్దలు మూసివేత మాట మరల ఎత్తగా జూయెట్ సమ్మతింపలేదు. జాన్ క్లౌ దొర ఒంగోలు చేరినది 1866లో. అప్పటికి పన్నెండేండ్లు నిండాయి.

1876–78 నాటి కరవులో క్లౌ బకింగ్‌హాం కాలువ త్రవ్వకానికి గుత్త పట్టి, ఆకలిగొన్నవారికి కూలి చూపారు. అన్నం కొరకు మతంలో చేరుతారేమో అని ఆ గడ్డురోజులలో బాప్తిస్మ మియ్యలేదు. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో, వెల్లంపల్లి వద్ద, ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఈ కథ చెప్పేవారు సాధారణంగా ఇక్కడ ఆగుతారు. కాని ఈ సంఖ్యను మౌనానికి సమాధానంగా చూపటం తొందరపాటు. ఆ కరవులోనే దక్షిణదేశంలో లక్షలాది జనం అసువులు బాశారు. వారి మొరలకు ఏ లెక్క చెప్పగలం? కొండమీది ఐదుగురికి 1878 సంగతి తెలియదు. తెలియకయే దిగివచ్చారు, తెలియకయే పనిచేశారు. వారి గొప్పతనం అందులోనే ఉన్నది.

మదర్ తెరీసా 1997లో కన్నుమూశారు. 2007లో ఆమె లేఖలు గ్రంథంగా వెలువడినప్పుడు, ఇంచుమించు ఏబదియేండ్లు ఆమె అంతరంగంలో చీకటియే ఉండెనని లోకానికి తెలిసింది. ఆ యేండ్లన్నిటా కలకత్తాలో రోగుల సేవ ఒక్కనాడూ ఆగలేదు.

దేవుడు దూరమైనట్లు తోచిన దినాన విశ్వాసి చేయగలిగినది కొంచెమే: నిన్నటి ప్రార్థన నేడూ చేయటం, ఎదుటివాని ఆకలిని గుర్తించటం. దీపం మసకబారిన రాత్రి వత్తి నెగద్రోయటం ఇంటివారి పనియే గదా!