మునిగి తేలిన ఆల్విన్

1968 అక్టోబరు 16న అట్లాంటిక్‌లో ఆల్విన్‌ను ఓడ మీద నుంచి దించుతుండగా ఉక్కు తాళ్లు తెగాయి. మూత ఇంకా తెరిచే ఉంది. లోపలున్న ముగ్గురూ ఎలాగో బయటపడ్డారు. ఆల్విన్ మాత్రం సుమారు 1,500 మీటర్ల లోతుకు పోయింది. వాళ్లు వెంట తెచ్చుకున్న మధ్యాహ్న భోజనమూ దాంతోపాటే మునిగింది.

వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థ కోసం 1964లో తయారైన చిన్న జలాంతర్గామి ఇది. ఇలాంటిది కావాలని పట్టుబట్టిన శాస్త్రవేత్త ఆలిన్ వైన్ పేరు మీదుగానే దానికి ఆ పేరొచ్చింది. ముగ్గురు ఇరుక్కుని కూర్చునేంత లోహపు గోళం, చిన్న కిటికీలు, రాళ్లు ఏరడానికి యంత్రపు చెయ్యి. ఉక్కు బరువులతో దిగి, వాటిని అడుగున వదిలేసి పైకి తేలుతుంది. 1966లో స్పెయిన్ తీరంలో విమాన ప్రమాదం వల్ల సముద్రంలో పడిన హైడ్రోజన్ బాంబు జాడ కనిపెట్టిందీ ఇదే. అయినా నా దృష్టిలో దాని అసలు కథ మునిగిపోయిన ఆ భోజనంతోనే మొదలవుతుంది.

1969లో ఆల్విన్‌ను పైకి తీశారు. శాండ్‌విచ్‌లూ ఆపిల్ పళ్లూ నానిపోయాయి గానీ కుళ్లలేదు. పది నెలలు! ఫ్రిజ్‌లో పెడితే మాత్రం కొన్ని వారాలకే పాడైపోయాయి. సూక్ష్మజీవ శాస్త్రవేత్త హోల్గర్ యానష్ ఈ సంగతిని అంతటితో వదల్లేదు. ఆహార పదార్థాలను సీసాల్లో సముద్రగర్భానికి పంపి, అంతే చల్లగా ప్రయోగశాలలో ఉంచినవాటితో పోల్చి చూశారు. లోతుల్లో కుళ్లడం పది నుంచి వంద రెట్లు నెమ్మది అని తేలింది. చలి ఒక్కటే కాదు, అక్కడి ఒత్తిడి కూడా సూక్ష్మజీవుల పనిని అణిచేస్తోందన్నమాట. సముద్రపు అడుగున జీవం పలచగా, మందకొడిగా ఉంటుందన్న నమ్మకం గట్టిపడింది.

ఆ నమ్మకాన్ని కదిలించిందీ ఆల్వినే. 1977 ఫిబ్రవరిలో, కొత్త టైటానియం గోళంతో, గాలపాగోస్ దీవుల దగ్గర దాదాపు 2,500 మీటర్లు దిగింది. వేడినీటి ఊటల కోసం వెళ్లిన ఆ బృందంలో జీవశాస్త్రవేత్త ఒక్కరూ లేరు. తీరా చూస్తే ఊటల చుట్టూ పెద్ద పెద్ద ఆల్చిప్పలు, పీతలు, తెల్లటి గొట్టాల్లోంచి ఎర్రటి కొనలు చాచిన పురుగులు! నమూనాలు నిలవ చెయ్యడానికి ఫార్మాలిన్ చాలక, పనామాలో కొన్న వోడ్కా వాడారు. అక్కడి నీళ్ల సీసా మూత తీస్తే కుళ్లిన కోడిగుడ్ల కంపు. అది హైడ్రోజన్ సల్ఫైడ్.

ఎండ చేరని ఆ లోతుల్లో ఇన్ని ప్రాణులు ఏం తిని బతుకుతున్నాయి? జవాబు ఆ కంపులోనే ఉంది. ఆ పురుగుకు నోరు లేదు, పేగులు లేవు. దాని ఒంట్లో కాపురముండే బ్యాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్ నుంచి శక్తి తీసి ఆహారం తయారుచేస్తుంది. ఇందుకు ఆధారాలను కాలీన్ కావనా, మరికొందరు 1981లో ప్రచురించారు. ఎండ పొడ సోకని చోట నిండైన బతుకు అది. అయితే ఆ బ్యాక్టీరియాకు కావలసిన ఆక్సిజన్ మాత్రం పైన సూర్యకాంతితో బతికే జీవుల చలవే. ఈ మాట చాలామంది చెప్పడం మరిచిపోతారు.

1979లో మెక్సికో దగ్గర సముద్రపు అడుగున నల్లటి పొగలాంటి నీటిని చిమ్ముతున్న రాతి గొట్టాల్లోకి థర్మామీటరు పెడితే దాని ప్లాస్టిక్ కడ్డీ కరిగిపోయింది. ఆ నీటి వేడి 350 డిగ్రీల సెల్సియస్ పైమాటే. ఆల్విన్ కిటికీలూ ప్లాస్టిక్కువే! ఆ తర్వాత నుంచి ఆ గొట్టాలకు ఎంత దగ్గరగా వెళ్లాలో ఆచితూచి నడపడం చోదకుల పనైంది.

భాగాలు మారుస్తూ, గోళాన్ని కొత్తగా చేయిస్తూ వచ్చారు. 2022 నుంచి ఆల్విన్ 6,500 మీటర్ల దాకా దిగగలదు. అంటే సముద్రగర్భంలో దాదాపు 99 శాతం దానికి అందుబాటులో ఉన్నట్టే.