మీకు తెలుసా? పేటకే పేరిచ్చిన నాటకశాల

ముంబైలో టాక్సీ ఎక్కి ‘ఆపెరా హౌస్’ అంటే చాలు, గిర్‌గావ్ దగ్గరి ఓ పేటలో దింపేస్తారు. ఆ పేటకు పేరొచ్చింది అక్కడున్న రాయల్ ఆపెరా హౌస్ వల్లే. మన దేశంలో మిగిలిన ఒకే ఒక్క ఆపెరా హౌస్ ఇది. తమాషా ఏమిటంటే, 1911లో ఐదో జార్జి చక్రవర్తి ప్రారంభించేనాటికి కట్టడం ఇంకా పూర్తే కాలేదు!

పృథ్వీరాజ్ కపూర్ నాటకాలు వేసిన వేదిక ఇది. సినిమాలూ ఆడాయి. 1993లో మూతపడింది. మరమ్మతులు చేశాక 2016లో మళ్లీ తెర లేచింది. ఇప్పుడు నాటకాలు, సంగీత కచేరీలు జరుగుతున్నాయి. వెళితే ఆట మొదలయ్యేలోపే ఓసారి తలెత్తి చూడండి: ఎనిమిది భాగాల గుమ్మటం మీద కవులకు, నాటకకర్తలకు నివాళి కనిపిస్తుంది. దీపాలార్పేశాక కనబడదు మరి!